ముప్పై ఏడు పళ్ల చక్రం

పోయిన మంగళవారం పొద్దున నేను పేపరు చూసుకుంటూ వరండాలో కూర్చుని ఉంటే, మా మామ లేతు షాపును ఇప్పుడు నడుపుతున్న దొనకొండ అతను బియ్యం సంచిలో ఏదో చుట్టుకుని వచ్చాడు. "సార్, ఇది కండ్లు మూసుకునింది. రోంత చూడండి" అని సంచి విప్పాడు. లోపల స్టీలు డబ్బా. నాలుగు బటన్లు, అగ్గిపెట్టె అంత తెర, వెనక ఒక లావాటి వైరు. నాలుగేళ్ల కిందట నేను చేసిందే. మూత మీద నూనె, ఇనుప పొడి కలిసి నల్లటి అట్ట కట్టాయి. విప్పి చూస్తే ఒక చోట అతుకు వదిలింది, అంతే. అతను టీ తాగేలోపల అతికి ఇచ్చేశాను. అతను సంతోషంగానే వెళ్లిపోయాడు. నేను మళ్లీ పేపరు పట్టుకున్నాను గానీ ఒక్క ముక్క కూడా బుర్రకెక్కలేదు.

ఆ డబ్బా చేసే పని లెక్కపెట్టడం. దాని సంగతి చెప్పాలంటే ముందు మా మామ సంగతి చెప్పాలి. ఆయన నాకు రెండు రకాలా మామ. మా అమ్మకు తమ్ముడు, ఆపైన నాకు పిల్లనిచ్చినవాడు. మార్కాపురంలో కంభం రోడ్డు పక్కన ఆయన లేతు షాపు. ఒక లేతు, ఒక మిల్లింగ్ మిషన్, ఒక డ్రిల్లు, వాటన్నిటికన్నా ముసలిదైన ఒక ఫ్యాను. పలకల రాయి కోసే మిషన్లలో, చెనక్కాయలు ఒలిచే మిషన్లలో, చెరుకు రసం బండ్లలో ఏ గేరు విరిగినా జనం ఆయన దగ్గరకే వచ్చేవారు. ఆ మిషన్లు చేసిన కంపెనీలు ఎప్పుడో మూతపడి ఉంటాయి, కొత్త గేరు ఎక్కడా దొరకదు. విరిగిన ముక్కలు గుడ్డలో మూటగట్టుకుని తర్లుపాడు నుంచి, అర్ధవీడు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు. మామ ఆ ముక్కల్ని బల్ల మీద పేర్చి, ఎన్ని పళ్లున్నాయో లెక్కగట్టి, కొత్త ఇనుప బిళ్లకు అన్ని పళ్లూ కోసి ఇచ్చేవాడు.

పళ్లు కోయడమంటే బిళ్లను రోటరీ టేబుల్ మీద బిగిస్తారు. అది చేత్తో పిడి తిప్పితే మెల్లగా తిరిగే గుండ్రటి ఇనుప బల్ల. పిడి నలభై చుట్లు తిప్పితే బల్ల ఒక్క చుట్టు తిరుగుతుంది. పిడి వెనక చిల్లుల పళ్లెం ఒకటి ఉంటుంది. ముప్పై ఏడు పళ్లు కావాలంటే, ఒక్కో పంటికి పిడి ఒక నిండు చుట్టూ, ఆపైన ముప్పై ఏడు చిల్లుల వరసలో మూడు చిల్లులూ తిప్పాలి. తిప్పాక కట్టర్‌తో ఒక సందు కోయాలి. పలక మీద బలపంతో ఒక గీత గీయాలి. మళ్లీ చుట్టూ, మూడు చిల్లులూ. ఇట్లా ముప్పై ఏడు సార్లు. ఒక్కో పంటికి అయిదారు నిమిషాలు. మధ్యలో ఎవరైనా "ఏం మామా, బాగుండావా" అన్నారంటే చాలు, గీత గీసి పిడి తిప్పబోతున్నానా, పిడి తిప్పేసి గీత మరిచానా అన్న అనుమానం వస్తుంది. అనుమానం వచ్చిందంటే బిళ్ల పాత ఇనుములోకే.

అందుకని మామ షాపు తలుపుకు ఇంకో పలక వేలాడేది. పలకలకు మా ఊళ్లో కరువేముంది! దానికి ఒక పక్క "రండి", ఇంకో పక్క "లెక్కలో ఉన్నాను". రెండో పక్క తిప్పి ఉందంటే లోపలికి ఎవరూ పోరు, పిలవరు. అది షాపు చట్టం. ఒకసారి ఏదో విచారణకు వచ్చిన కానిస్టేబులు కూడా ఎదురుగా టీ బంకులో గంటన్నర కూర్చుని, పలక తిరిగాకే లోపలికి వెళ్లాడు. పెళ్లి పత్రికలు తలుపు కింద నుంచి తోసి పోయేవాళ్లు. మా అత్త అయితే, "మా పెండ్లిలో ముహూర్తం దాటకుండా తాళి కట్టినాడంటే, ఆ పొద్దు పలక ఇంటికాడ మర్చిపోయి వచ్చినాడు కాబట్టి" అనేది. మామ నవ్వేవాడు, పలక మాత్రం తీసేవాడు కాదు. మా ఆవిడ చిన్నప్పుడు నాయనకు క్యారేజీ తెచ్చి, ఆ తలుపు బయట గడప మీదే కూర్చుని, లోపల నాయన గొణిగే అంకెలు వింటూ వంద దాకా నేర్చుకుందట. బడికి పోకముందే వచ్చేశాయని గొప్పగా చెప్పుకునేది.

నాలుగేళ్ల కిందట మా ఆవిడ పోయింది. పొద్దున తొమ్మిదిన్నరకు గుండెల్లో బరువుగా ఉందన్నది. నేను బండి మాట్లాడటానికి ఫోన్లు చేస్తున్నాను, ఆమె పక్కనే కూర్చుని వాళ్ల నాయనకు చేసింది. ఆయన ఎత్తలేదు. కారు వచ్చింది. ఇక్కడ చూసిన డాక్టరు ఒంగోలు తీసుకుపొమ్మన్నాడు. దారంతా మాట్లాడుతూనే ఉంది. పొదిలి దగ్గర పడుతుండగా మాట ఆగింది. పొదిలి దాటాక ఆమె ఫోను మోగింది. మామ. ఎత్తింది నేను.

ఇంతకన్నా వివరంగా అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. ఎక్కడ లైను తెగిందో, ఏ అతుకు వదిలిందో వెతకడం తప్ప వేరే విద్య లేదు. ఆ నెలల్లో నాకు ఏమీ అనిపించలేదు. పరామర్శకు వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాను, మంచినీళ్లిచ్చాను, పదకొండో రోజున వంటవాళ్లకు ఉప్పు తక్కువైందని కూడా చెప్పాను. నా కన్ను తడవకపోవడం చూసి బంధువులు చెవులు కొరుక్కున్నారు. నేను గట్టిగా ఉండలేదు, మొద్దుబారిపోయాను. అన్నం తింటుంటే కూర వేసుకున్నానో లేదో గిన్నె చూస్తే గానీ తెలిసేది కాదు.

మామ కూడా అంతే. పన్నెండో రోజున షాపు తాళం తీశాడు. "ఇంట్లో ఉండి చేసేదేముంది" అన్నాడు. నేనూ వెంట వెళ్లేవాణ్ణి, ఇంట్లో ఉండి చేసేదేమీ లేదు కాబట్టి. ఇద్దరం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక షెడ్డు కింద ఉండేవాళ్లం. ఆమె మాట ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. కరెంటు వచ్చిందా, పోయిందా, కట్టరు మొండిబారిందా, ఇవే మాటలు.

తర్లుపాడులో పలకల రాయి కోసే మిషన్ ఉన్న ఆసామికి ముప్పై ఏడు పళ్ల గేరు ఒకటి బాకీ పడింది. ముప్పై ఏడే ఎందుకంటే, అట్లాంటి, దేనితోనూ భాగం పోని లెక్కయితే ఒకే పన్ను మాటిమాటికీ ఒకే పంటికి తగలదు, అరుగుదల అన్ని పళ్లకూ సమానంగా పంచుకుపోతుంది. మామ మొదలుపెట్టాడు. పలక తిప్పి తగిలించాడు, నన్ను మూల స్టూలు మీద కూర్చోబెట్టి నోరు మూసుకోమన్నాడు. నోరు మూసుకోవడం అప్పుడు నాకు పెద్ద కష్టం కాదు. గంటలు గడిచాక పిడి మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడిపోయాడు. "తిప్పినానా?" అన్నాడు. నాకేం తెలుసు! బిళ్ల పోయింది. నాలుగు రోజుల తర్వాత ఇంకోటి పోయింది. ఆ వారం చివర మూడోది. నలభై ఏళ్లలో మూడు బిళ్లలు పాడుచేయని మనిషి నెలలో మూడు పాడుచేశాడు.

నేను ఆ మూడు బిళ్లలూ బల్ల మీద పెట్టి పళ్లు లెక్కపెట్టాను. మూడింటిలోనూ తప్పు ఒక్క చోటే, ఇరవై రెండో పన్ను దగ్గర. టెలిఫోన్ బుద్ధి కదా, ఒకే చోట మూడుసార్లు తప్పొచ్చిందంటే అక్కడ ఏదో వదులై ఉండాలనుకున్నాను. చిల్లుల పళ్లెం ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, ఆ వరసలో ఏ చిల్లయినా అరిగిందేమోనని భూతద్దం పెట్టి చూశాను. శుభ్రంగా ఉంది. మామ నేను చేసేదంతా చూశాడు. మర్నాడు తర్లుపాడు ఆసామి వస్తే, "ఇంక పండ్ల పని నాతో కాదు. వేరేవాళ్లని చూసుకో నాయనా" అన్నాడు. ఆసామి నా మొహం కేసి చూశాడు. ఆయన మిషన్ మీద ఆరు కుటుంబాలు బతుకుతున్నాయి.

ఆ సాయంత్రం మా అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఆయన షాపుకు పోవడం మానుకున్నాడంటే మంచమెక్కుతాడు. మంచమెక్కితే దిగడు. నాకు తెలుసు. ఒకరు పోయింది చాలదా? నువ్వు చదువుకున్నోడివి, ఏదో ఒకటి చెయ్యి" అన్నది. చెయ్యడానికి ఏదో ఒకటి దొరికినందుకు నాకు హాయిగా అనిపించింది. ఆ నెలల్లో నాకు ఏదన్నా అనిపించిందంటే అది ఒక్కటే.

లెక్క మామకు నిలవకపోతే, లెక్కపెట్టే పని ఆయన నుంచి తీసేస్తే సరి. నా ఆలోచన ఇంతే. ఫోనులో వీడియోలు చూశాను. ఎక్కడెక్కడి దేశాల ముసలాళ్లో తమ షెడ్లలో ఇట్లాంటివి చేసుకుని, పేరంటాళ్లలాగా ఒకరికొకరు చూపించుకుంటున్నారు. రోటరీ టేబుల్‌కు పిడి తీసేసి, ఆ చోట ఒక స్టెప్పర్ మోటారు పెట్టాలి. అది గిర్రున తిరిగే మోటారు కాదు, చెప్పినన్ని అడుగులు మాత్రమే వేసి ఆగేది. ఒక చుట్టుకు రెండు వందల అడుగులు. బల్ల ఒక చుట్టు తిరగాలంటే నలభై రెట్లు, ఎనిమిది వేల అడుగులు. ఎన్ని పళ్లు కావాలో బటన్ నొక్కి చెబితే, ఒక చిన్న కంట్రోలర్ బోర్డు ఆ ఎనిమిది వేలనూ పంచి, ఆకుపచ్చ బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక పంటికి సరిపడా తిప్పుతుంది. ఎన్నో పన్నో తెర మీద చూపిస్తుంది. సామాను కొరియర్‌లో తెప్పించాను. డబ్బా కోసం వంటింట్లో వెతికితే మా ఆవిడ చక్రాలు, అదే జంతికలు, పోసి పెట్టే స్టీలు డబ్బా కనబడింది. అందులో అడుగున నాలుగు విరిగిన ముక్కలున్నాయి. తినేసి, కడిగి, చిల్లులు కొట్టాను. అతుకులు వేస్తుంటే ఒకరోజు ఏదో కమురు వాసన వచ్చింది. చూస్తే సోల్డరింగ్ ఐరన్ నా బొటనవేలికి ఆని ఉంది. నొప్పి తర్వాత తీరిగ్గా వచ్చింది.

డబ్బా మొదటి రోజు చేసిన ఘనకార్యం చెప్పాలి. తెర వెలిగింది, మోటారు తిరిగింది, మామ "ఊఁ" అన్నాడు. సరిగ్గా అప్పుడు మిల్లింగ్ మిషన్ స్విచ్చి వేశాడు. తెర ఒక్కసారి రెప్ప కొట్టి సున్నా చూపించింది. మళ్లీ మొదలుపెట్టాం. కాసేపటికి మిషన్ ఆపి, తిరిగి స్విచ్చి వేశాడు, మళ్లీ సున్నా. "బాగుంది అల్లుడా. లెక్క మరిచిపోయేటోడు నేనొకణ్ణే అనుకున్నా, తోడు తెచ్చినావు" అన్నాడు మామ. మిషన్ మొదలైనప్పుడల్లా వచ్చే కరెంటు కుదుపు నా బోర్డును అదరగొడుతోంది. టెలిఫోన్ వైర్లలో గరగర పోగొట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య. పైన తీగ అల్లిన లావాటి వైరు వేసి, ఎర్తు విడిగా ఇస్తే దారికొచ్చింది.

రెండో తప్పు ఇంకా సిగ్గుచేటు. ఇనుప బిళ్ల ఎక్కించేముందు, పలక రాయినే గుండ్రంగా కోసి బల్ల మీద బిగించి, మేకుతో ముప్పై ఏడు గీతలు గీయించాం. గీతలు చూడముచ్చటగా వచ్చాయి. మామ కళ్లద్దాలు పైకి తోసి, గీతల మీద బొటనవేలి గోరు నడిపించుకుంటూ పోయి చివరి సందు దగ్గర ఆగాడు. "ఇది రవ్వంత వెడల్పుంది" అన్నాడు. నాకు కనబడలేదు. కంపాసు పెట్టి కొలిస్తే ఉంది, బలపం గీత మందం తేడా. ఎనిమిది వేలను ముప్పై ఏడుకు పంచితే రెండు వందల పదహారు వచ్చి ఎనిమిది మిగులుతాయి. నా బోర్డు ఆ మిగిలింది వదిలేసి, ప్రతి పంటికీ రెండు వందల పదహారే వేసింది. వదిలేసినవన్నీ పోగుపడి చివరి సందులో చేరాయి. ఇది నేను కాగితం మీద లెక్కవేసుకుని కనుక్కోవడానికి అరపూట పట్టింది. మామ కాగితం జోలికి పోలేదు. "కిందటి గీత నుంచి కొలుస్తున్నావా?" అన్నాడు. అవునన్నాను. "మా నాయన గని కాడ పలకలకు గీతలు గీసేటప్పుడు ప్రతి గీతా మొదటి అంచు నుంచే కొలిచేటోడు. కిందటి గీత నుంచి కొలిస్తే తప్పు మీద తప్పెక్కుతది. చివరోడి నెత్తిన పడతది" అన్నాడు. అంతే. బోర్డుకు రాసిన ప్రోగ్రాములో ఒక్క వరస మార్చాను. పదో పన్ను తొమ్మిదో పంటి నుంచి ఎంత అని కాకుండా, మొదటి నుంచి ఎంత అని. ఆ పక్కరోజు గీసిన పలక మీద మామ గోరు ఎక్కడా ఆగలేదు.

ఇదంతా అయ్యేసరికి ఆమె పోయి అయిదు నెలలు. ఒక బుధవారం పొద్దున ఇనుప బిళ్ల ఎక్కించాం. తలుపుకు పలక తిప్పబోయి మామ ఆగాడు. ఇంక ఎవరు మాట్లాడినా లెక్క చెడదు కదా. "రండి" అనే ఉంచేసి లోపలికొచ్చాడు. ఆకుపచ్చ బటన్ నొక్కడం, మోటారు సన్నగా మూలిగి ఆగడం, కట్టరు దింపడం, తెర మీద అంకె మారడం. చేతులకు పనుంది, నోటికీ మనసుకూ లేదు. పది పళ్ల దాకా మామ అలవాటు కొద్దీ పెదాలు కదుపుతూనే ఉన్నాడు. తర్వాత అదీ ఆగింది. నేను తెర మీద అంకెలు చూస్తూ, ఇరవై రెండు దగ్గర ఏమవుతుందోనని కాచుకుని ఉన్నాను. నాకు ఆ డబ్బా మీద బెంగ తప్ప ఇంకోటి లేదు.

ఇరవై రెండు వచ్చింది. డబ్బా సరిగ్గానే ఆగింది. మామే కట్టరు దింపలేదు. మిషన్ ఖాళీగా తిరుగుతోంది.

"ఏంది మామా? తప్పొచ్చిందా?" అన్నాను.

"ఈడనే మోగింది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఆ పొద్దు. ఇదే గేరు. ఇరవై రెండు కోసి గీత గీసినా. చొక్కా ఆ మేకుకు తగిలించి ఉంది, జేబులో ఫోను మోగింది. ఆమేనని తెలుసు నాకు. కోయిల కూత ఆమె పెట్టిచ్చిందే, ఆమె చేస్తే తప్ప కుయ్యదు. తెలిసి కూడా పోలా. ఇంకా పదిహేనుండాయి, అయినాక చేద్దాంలే అనుకున్నా. పదిహేను పండ్లు కోసినాను అల్లుడా, నిమ్మళంగా. ఆ గేరు ఒక్క ఎంట్రుకవాసి కూడా తప్పు రాలా. దాన్ని నేనే సుత్తితో పగలగొట్టినా." తెర మీది ఇరవై రెండును వేలితో చూపించాడు. "ఇప్పుడు ఈడికొచ్చేసరికి కుయ్యడం మొదలుపెడతది. తిప్పినానో లేదో తెలీదు నాకు. నాయన ఎత్తలేదే అని ఎంత బాధపడిందో, ఏమనుకుంటా పోయిందో."

నేను స్టూలు మీద నుంచి లేచాను. ఆమె ఏమన్నదో నాకు తెలుసు. పక్కనే ఉన్నాను కదా. ఆ మాట నా దగ్గరే, నోట్లోనే ఉంది, అయిదు నెలలుగా. ఎవరికైనా అవసరమవుతుందని నాకు తట్టలేదు. ఆయన కోసం మోటారు తెప్పించాను, వైర్లు మార్చాను, చిల్లుల పళ్లెం కడిగాను. ఇది మాత్రం చెప్పలేదు.

"ఆమె ఏమనుకోలా మామా" అన్నాను. "నువ్వు ఎత్తకపోతే ఫోను పక్కన పెట్టి నాతో అన్నది. లెక్కలో ఉన్నట్టుండాడు, పలక తిప్పినాక ఆయనే చేస్తాడులే అన్నది."

"కోపంగానా?"

"లే. నవ్వుకుంటా. కార్లో కూడా చెప్పింది. గడప మీద కూర్చోని నీ లెక్క వింటా వంద దాకా నేర్చుకున్న సంగతి. పొదిలి వచ్చేదాకా నీ మాటే."

మామ మిషన్ ఆపేశాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని మిల్లింగ్ మిషన్‌కు ఆనుకుని నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. పట్టుకోవడానికి దగ్గరకు వెళ్లాను. నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. అది నాదేనని తెలియడానికి కొంచెం సేపు పట్టింది. తలుపు తీసే ఉంది. తర్లుపాడు ఆసామి గేరు ఎంతవరకు వచ్చిందో చూద్దామని గడప దాకా వచ్చి, ఇద్దరు ముసలాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే చూసి, చెప్పులు చేతిలో పట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి ఆ పన్నూ, మిగతా పదిహేనూ కోశాం. గేరు తర్లుపాడు వెళ్లింది, ఇంకా తిరుగుతోందట. మామ ఆ తర్వాత రెండేళ్లు పైన పని చేశాడు, కూతురి కబుర్లు చెప్పుకుంటూ, చెప్పించుకుంటూ. మొన్నటి చలికాలానికి ముందు నిద్రలోనే పోయాడు. అందరూ ఆ డబ్బాను మెచ్చుకుంటారు, మామను మళ్లీ మనిషిని చేసింది అదేనంటారు. నేను అవునూ అనను, కాదూ అనను. నేను చెప్పిన ఆ మాటకు పట్టింది అర నిమిషం. దానికి ముందు అయిదు నెలలు మామ రోజూ నా కళ్ల ముందే ఆ ఫోను వింటూ నిలబడ్డాడు, నేను మూడడుగుల దూరంలో తల వంచుకుని వైర్లు అతుకుతూ కూర్చున్నాను. పోయిన మనిషి ఎట్లాగూ రాదు. ఆ అయిదు నెలలైనా ఆయనకు తిరిగి ఇచ్చే దారి ఉంటే బాగుండు.